మొదటి మరణం దగ్గర పక్కన ఎవరున్నారు

నర్సింగ్ విద్యార్థులకు చావంటే భయం అని అందరూ అంటుంటారు. 18, 19 ఏళ్ల పిల్లలు కదా, శవాన్ని చూస్తే జడుసుకుంటారు, రాత్రి నిద్ర పట్టదు, తిండి సహించదు అని. కొంతమందికి అలాగే ఉంటుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి విద్యార్థులను వెంటబెట్టుకుని వార్డులు తిరుగుతున్న నాకు ఎక్కువగా ఎదురయ్యే భయం వేరే. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి వాళ్లు అడిగేది మనిషి పోయాక ఏమవుతాడు అని కాదు. "నేను ఆ గదిలోకి వెళ్లి ఏం చెయ్యాలి మేడమ్?" అని అడుగుతారు. బంధువులు ఏడుస్తుంటే బీపీ చూడొచ్చా, నేనిక బతకనా అని పేషెంట్ నన్నే సూటిగా అడిగేస్తే ఏం చెప్పాలి, నేనక్కడ నిలబడితే వాళ్లకి అడ్డమేమో, నేను ముట్టుకున్నందువల్ల ఏమైనా అయితే ఎలా. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి. ఉండి కూడా చాలాచోట్ల ఎవరూ చెప్పరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ పిల్లలకు చావు గురించి ఏమీ తెలియదనుకోవద్దు. క్లాసులో కూర్చున్న ప్రతివాళ్లూ ఏదో ఒక చావుని మనసులో పెట్టుకునే వస్తారు. తాతయ్యదో, అమ్మమ్మదో, చిన్నప్పుడే పోయిన నాన్నదో, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు "నువ్వు ఇక్కడ ఉండకూడదు" అని అవతలికి పంపేస్తే అసలు చూడనివ్వని చావో. దాన్ని ఎవరూ అడగరు. దానికి తోడు టీవీలో చూసినవి. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో టీవీ కార్యక్రమాల్లో సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కి బతికించే ప్రయత్నం) చేసిన పాత్రల్లో 75 శాతం మంది అప్పటికి బతికి బయటపడ్డారట, 67 శాతం మంది ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి వెళ్లినట్టు చూపించారట. అసలు సంగతేంటంటే, మంచి వసతులున్న ఆసుపత్రిలో గుండె ఆగినవాళ్లలో కూడా ప్రాణాలతో ఇంటికి వెళ్లేది దాదాపు నలుగురిలో ఒకరే. స్కిల్స్ ల్యాబ్‌లో బొమ్మ మీద నేర్చుకున్న సీపీఆర్‌ని మొదటిసారి మనిషి ఛాతీ మీద చేసినప్పుడు పక్కటెముక విరిగిన చప్పుడు చేతుల కిందే తెలుస్తుంది. సరిగ్గా చేసినా ఎముక విరగొచ్చని, సరిగ్గా చేసినా మనిషి దక్కకపోవచ్చని ముందే చెప్పి ఉండకపోతే ఆ అమ్మాయి తనవల్లే పోయారనుకుంటుంది. బయటికి చెప్పదు కూడా, లోపలే పెట్టుకుని హాస్టల్‌కి వెళ్లిపోతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. విద్యార్థికి ఎదురయ్యే మొదటి మరణం ఎలా జరుగుతుందన్నది పూర్తిగా అదృష్టం మీద వదిలేస్తున్నాం. ఆ రోజు ఏ వార్డు, ఏ షిఫ్టు, డ్యూటీలో ఉన్న సిస్టర్ ఎలాంటి మనిషి, ఆవిడకి ఆ పూట ఎంతమంది పేషెంట్లు, వీటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పక్కన ఓపికున్న సీనియర్ ఉంటే ఆ విద్యార్థి చనిపోతున్న మనిషి దగ్గర కూర్చోగలిగే నర్సు అవుతుంది. ఎవరూ లేకపోతే తలుపు దగ్గర నుంచే సెలైన్ చూసి వెళ్లిపోయే నర్సు అవుతుంది, అదే అలవాటు ఉద్యోగమంతా ఉండిపోతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. జీన్ క్వింట్ అనే అమెరికన్ నర్సు, తర్వాత జీన్ క్వింట్ బెనోలియల్‌గా పేరు పొందారు, 1967లోనే ఈ మాట చెప్పారు. నర్సింగ్ స్కూళ్లలో ప్రాణం నిలబెట్టే పనులను శ్రద్ధగా, పద్ధతిగా నేర్పిస్తున్నారని, చనిపోతున్న మనిషిని చూసుకోవడం మాత్రం ఎవరికి ఎలా తటస్థపడితే అలా నేర్చుకుంటున్నారని ఆమె పరిశీలించి రాశారు. అప్పటినుంచి అర్ధశతాబ్దం దాటింది. పాఠ్యపుస్తకాల్లో అధ్యాయాలు పెరిగాయి, వార్డులో పరిస్థితి మాత్రం అంతగా మారలేదనే నేను అంటాను.

ఎందుకు మారలేదు? సీనియర్లకు మనసు లేక కాదు. వార్డు నడిచే తీరే అలా ఉంటుంది. ఇసబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు లండన్‌లోని ఒక ఆసుపత్రిలో నర్సింగ్ వ్యవస్థను పరిశీలించి 1960 ప్రాంతంలో రాసిన వ్యాసం ఈ విషయంలో నాకు చాలా నేర్పింది. ఒక నర్సు ఒక్క పేషెంట్‌కి మరీ దగ్గర కాకుండా పనిని ముక్కలు చేసి పంచుతారు. ఒకరు అందరికీ టెంపరేచర్ చూస్తారు, ఇంకొకరు అందరికీ మందులిస్తారు. మనిషిని పేరుతో పిలవరు, బెడ్ నంబరుతోనో జబ్బుతోనో పిలుస్తారు. ఇవన్నీ బాధ తగలకుండా వ్యవస్థ తన చుట్టూ కట్టుకున్న గోడలని ఆవిడ అంటారు. ఆ గోడలు ఆందోళనను తగ్గించకపోగా నర్సులకు పనిలో దొరకాల్సిన తృప్తిని కూడా లేకుండా చేశాయని, చాలామంది విద్యార్థులు చదువు మధ్యలోనే మానేశారని కూడా రాశారు. మన విద్యార్థులు క్లినికల్ పోస్టింగ్‌కి, అంటే వార్డులో శిక్షణకి, వచ్చిన మొదటి వారంలోనే "ఆరో నంబర్ బెడ్ పోయేలా ఉంది" అనడం నేర్చేసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, చుట్టూ అందరూ అలాగే మాట్లాడుతుంటే వాళ్లూ అదే నేర్చుకుంటారు.

సరే, మరి ఏం నేర్పాలి? ముందుగా శరీరం గురించి నేర్పాలి. తత్వం తర్వాత చూసుకోవచ్చు. నా అనుభవంలో విద్యార్థి భయాన్ని అన్నిటికంటే త్వరగా తగ్గించేది శరీరం ఎలా ఆగిపోతుందో తెలియడమే. దీర్ఘకాలంగా జబ్బుపడి చనిపోయేవాళ్లలో చివరి రోజుల్లో, గంటల్లో ఏం జరుగుతుందో చాలావరకు ముందే చెప్పొచ్చు. అది తెలిసిన విద్యార్థి గదిలో నిలబడే తీరే వేరుగా ఉంటుంది.

మొదట తిండి తగ్గుతుంది, తర్వాత నీళ్లు కూడా. బంధువులు కలవరపడిపోతారు, విద్యార్థులూ అంతే, "ఏమీ తినడం లేదు మేడమ్, ఆకలితో చనిపోతారేమో" అంటారు. నిజానికి శరీరం మూతపడుతున్నప్పుడు దానికి ఆహారాన్ని వాడుకునే శక్తి ఉండదు, చాలామందికి ఆకలే అనిపించదు, బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఆ సమయంలో నోరు తడపడం, పెదాలు ఎండిపోకుండా చూడడం అసలైన పని, దాన్ని బంధువులకు కూడా నేర్పిస్తే వాళ్ల చేతులకూ ఒక పని దొరుకుతుంది. తర్వాత నిద్ర పెరుగుతుంది. మెలకువ గంటలు తగ్గిపోతాయి. మూత్రం తగ్గి రంగు ముదురుతుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర చర్మం ఊదారంగులో మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, ఎందుకంటే రక్తప్రసరణ నీరసించి చివరలకు అందదు. కొందరు ఉన్నట్టుండి కలవరపడతారు, దుప్పటి లాగేసుకుంటారు, లేవబోతారు. అప్పుడు వెంటనే మత్తుమందు కోసం పరుగెత్తకుండా ముందు మూత్రం బిగిసిందేమో, నొప్పి ఉందేమో, మలబద్ధకమేమో చూడమని చెప్తాను. చాలాసార్లు కారణం అంత మామూలుదే ఉంటుంది.

ఊపిరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా బెదిరిపోయేది దీనికే. శ్వాస క్రమంగా లోతుగా, వేగంగా పెరుగుతూ పోయి, మళ్లీ తగ్గుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోతుంది. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు. ఇక అయిపోయిందనుకునేలోపు మళ్లీ ఊపిరి మొదలవుతుంది. దీన్ని 1818లో జాన్ చేన్, 1854లో విలియం స్టోక్స్ వర్ణించారు, ఆ ఇద్దరి పేర్లతోనే దాన్ని చేన్ స్టోక్స్ శ్వాస అంటాం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా దీన్ని అందరూ రాస్తారు. మంచం పక్కన నిలబడి ఆ నిశ్శబ్దాన్ని భరించడం మాత్రం ఎవరైనా పక్కనుండి "ఇది ఇలాగే ఉంటుంది, మళ్లీ వస్తుంది చూడు, ఆయన కష్టపడుతున్నట్టు ముఖంలో ఏమైనా కనిపిస్తోందా? లేదు కదా" అని చెప్తేనే సాధ్యమవుతుంది. అలాగే గొంతులో గురగురమనే శబ్దం. మింగే శక్తి పోయాక లాలాజలం గొంతులో నిలిచి, గాలి దాని మీదుగా పోతుంటే వచ్చే శబ్దం అది. వినేవాళ్లకు ఊపిరాడక గిలగిల్లాడుతున్నట్టు ఉంటుంది కానీ ఆ స్థితిలో ఉన్న పేషెంట్‌కి అది తెలిసే అవకాశం చాలా తక్కువ. విద్యార్థి చెయ్యి వెంటనే స్రావాలను బయటికి లాగే సక్షన్ ట్యూబ్ మీదకి పోతుంది. గొంతు లోపలికి దాకా సక్షన్ చేస్తే లాభం కంటే ఇబ్బందే ఎక్కువ. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కొంచెం ఎత్తు చెయ్యాలి, అవసరమైతే స్రావాలను తగ్గించే మందు అడగాలి, బంధువులకు ఆ శబ్దం ఏమిటో వివరించాలి. ఆఖరి పని మిగతా అన్నిటికంటే ముఖ్యమనే నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ శబ్దం వాళ్ల చెవుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

వినికిడి సంగతి కూడా. స్పృహలో లేని మనిషి ముందు ఏదైనా మాట్లాడేయొచ్చనుకునేవాళ్లు వార్డుల్లో చాలామందే ఉన్నారు, విద్యార్థులు అదీ పట్టుకుంటారు. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు హాస్పిస్‌లో, అంటే చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే చోట, చివరి గంటల్లో ఉన్న, స్పందించని స్థితిలోకి వెళ్లిన కొద్దిమంది పేషెంట్ల మెదడు తరంగాలను నమోదు చేశారు. వాళ్లలో కొందరి మెదళ్లు శబ్దాలకు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించాయి. విన్నది వాళ్లకు అర్థమవుతోందో లేదో ఆ అధ్యయనం చెప్పలేదు. అయినా నాకది చాలు. పక్కకు తిప్పే ముందు "మిమ్మల్ని కుడివైపుకి తిప్పుతున్నాం" అని చెప్పమంటాను, ఆయన జవాబివ్వకపోయినా సరే.

మార్ఫిన్. దీని గురించి రాయకుండా ఈ పోస్టు పూర్తవదు. విద్యార్థులూ, కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులూ లోలోపల మోసే బరువుల్లో ఇదొకటి: "నేనిచ్చిన డోసు తర్వాత గంటకే పోయారు." ఆలోచించి చూడండి, నాలుగు గంటలకోసారి మందు తీసుకుంటూ మరణానికి దగ్గరగా వచ్చిన మనిషికి ఏదో ఒక డోసు చివరిది అవుతుంది, దాన్ని ఎవరో ఒకరు ఇచ్చి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతిని (నొప్పి పెరిగేకొద్దీ మెట్టు మెట్టుగా బలమైన మందుకి వెళ్లడం) ప్రకటించినప్పటినుంచి తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ముఖ్యమైన మందుగా ఉంది. నొప్పికి, ఆయాసానికి తగినట్టుగా కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చిన మార్ఫిన్ ప్రాణాన్ని ముందుగా తీసేస్తుందనడానికి ఆధారాలు లేవు. ఈ మాట మందులిచ్చే ట్రే దగ్గర, ఇంజెక్షన్ ఎక్కించే ముందు చెప్పాలి. ఫార్మకాలజీ క్లాసులో చెప్పి ఊరుకుంటే చాలదు. భయపడ్డ నర్సు ఏం చేస్తుందో నేను చూశాను, డోసును గంట ఆలస్యం చేస్తుంది. ఆ గంట నొప్పి పేషెంట్ భరిస్తాడు.

నొప్పి అనగానే సిసిలీ సాండర్స్ గుర్తొస్తారు. ఆమె నర్సుగా మొదలుపెట్టి, తర్వాత సామాజిక కార్యకర్తగా ఆసుపత్రిలో పనిచేసి, ఆపై డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. శరీరం నొప్పి ఒక్కటే చూస్తే సరిపోదు, మనసు, కుటుంబం, నమ్మకాలు అన్నీ కలిపి మనిషి పడే బాధను ఒకటిగా చూడాలని చెప్పింది ఆవిడే. విద్యార్థులకు ఇది బాగా ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్లు దాన్ని కళ్లారా చూస్తారు. పగలు ఏ నొప్పీ లేదన్న మనిషి రాత్రి రెండింటికి బెల్లు కొడతాడు. మందు ఇస్తారు. మళ్లీ కొడతాడు.

చావు ఎదురైన మనిషి మనసు గురించి ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు చెప్పిన అయిదు దశల సంగతి మాత్రం నాకు కొంచెం బాధగా ఉంటుంది. ఒప్పుకోకపోవడం, కోపం, బేరమాడడం, దిగులు, ఒప్పుకోవడం. 1969 నుంచి నర్సింగ్ విద్యార్థులు దీన్ని బట్టీపడుతూనే ఉన్నారు. పేషెంట్‌ని ఎలా చూసుకోవాలో రాసే కేర్ ప్లాన్‌లో "పేషెంట్ కోపం దశలో ఉన్నారు" అని రాసి తెస్తారు. వెళ్లి కనుక్కుంటే ఆయనకు కోపం ఎందుకంటే అరగంట నుంచి బెడ్‌పాన్ అడుగుతుంటే ఎవరూ రాలేదు. అందరూ ఈ వరుసలోనే వెళ్తారని పరిశోధనలు నిరూపించలేదు, ఆవిడ కూడా దీన్ని అందరికీ ఒకే దారిగా చెప్పలేదు. చనిపోతున్నవాళ్లతో ఎవరూ మాట్లాడని రోజుల్లో షికాగోలో ఒక ఆసుపత్రిలో వాళ్ల పక్కన కూర్చుని, మీకెలా ఉంది, ఏం అనిపిస్తోంది అని అడిగి, ఆ మాటలను విద్యార్థులకు వినిపించడం ఆవిడ చేసిన అసలైన పని. పరీక్షల కోసం దశలు మిగిలాయి, కూర్చుని అడగడం పోయింది.

అడగడం అంటే గుర్తొచ్చింది, బార్నీ గ్లేసర్, అన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1965లో రాసిన విషయం ఉంది. జీన్ క్వింట్ వాళ్లతో కలిసి పనిచేసినావిడే. పేషెంట్‌కి తన చావు గురించి ఎంత తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకు ఎంత తెలుసు అన్నదాన్నిబట్టి నాలుగు పరిస్థితులుంటాయని చెప్పారు. అసలు తెలియనివ్వకపోవడం, అనుమానపడడం, ఇద్దరికీ తెలిసి కూడా తెలియనట్టు నటించడం, అన్నీ తెలిసి బయటికి మాట్లాడుకోవడం. మూడోది వార్డుల్లో రోజూ కనిపిస్తుంది. భార్య బయటికొచ్చి "ఆయనకి చెప్పకండి" అంటుంది, ఆయన ఆవిడ లేనప్పుడు "మా ఆవిడ తట్టుకోలేదు, ఏమీ అనకండి" అంటాడు. మధ్యలో 19 ఏళ్ల అమ్మాయి టెంపరేచర్ చార్టు పట్టుకుని నిలబడుతుంది, ఇద్దరి రహస్యమూ తనకు తెలుసు. ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించండి.

"నేను ఇక బతకనా అమ్మా?" అని ఆయన ఆ అమ్మాయినే అడుగుతాడు. డాక్టర్‌ని అడగడు. దుప్పటి సర్దే వాళ్లనే అడుగుతారు, ఎందుకంటే దగ్గరగా వచ్చేది వాళ్లే. నేను విద్యార్థులకు చెప్పేది ఇది: "మీకేం కాదు" అనొద్దు. అది అబద్ధమని ఆయనకు తెలుసు, ఆ మాటతో ఆయన ఇక నిన్నేమీ అడగకూడదని అర్థం చేసుకుంటాడు. అలాగని రిపోర్టుల్లో ఉన్నది చెప్పెయ్యాల్సిన బాధ్యతా నీది కాదు, అది ఎవరు ఎలా చెప్పాలో దానికి పద్ధతి ఉంది. నువ్వు చేతిలో పని ఆపి, కూర్చుని, "అలా ఎందుకు అనిపిస్తోందండీ?" అని అడుగు. ఆయన చెప్పేది విను. తర్వాత "ఈ మాట నేను డాక్టర్‌గారితో, సిస్టర్‌తో చెప్తాను, వాళ్లు వచ్చి మీతో మాట్లాడతారు" అని చెప్పి, నిజంగా వెళ్లి చెప్పు. చాలాసార్లు ఆయనకి కావాల్సింది తేదీ కాదు. కూతురు వచ్చేదాకా ఉంటానా, నొప్పి ఇంకా ఎక్కువవుతుందా, రాత్రిపూట ఒంటరిగా పోతానా అన్నవే అడుగుతారు, వీటికి నర్సు చెప్పగల జవాబులు చాలా ఉన్నాయి. ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సింగ్ గురించి 1859లో రాసిన పుస్తకంలో రోగికి ఉత్తుత్తి ధైర్యాలు చెప్పేవాళ్ల మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆ మాటలు రోగిని మరింత ఒంటరిని చేస్తాయని ఆవిడకు అప్పుడే తెలుసు.

చనిపోయాక చేసే పని గురించి విద్యార్థులు ముందు చాలా భయపడతారు, చేశాక మాత్రం ఎక్కువమంది నెమ్మదిస్తారు. ఇది నేను చాలాసార్లు గమనించాను. ఇద్దరు కలిసి చెయ్యాలి, విద్యార్థిని ఒంటరిగా ఎప్పుడూ పంపకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి తల కింద దిండు ఉంచాలి, లేకపోతే రక్తం దిగి ముఖం రంగు మారుతుంది. కళ్లు మూయాలి, కట్టుడు పళ్లుంటే త్వరగా పెట్టాలి, ఎందుకంటే కొన్ని గంటల్లోనే దవడ నుంచి బిగుసుకోవడం మొదలవుతుంది. పోలీసు కేసో, పోస్టుమార్టమో ఉంటే ట్యూబులు తియ్యకూడదు. ఒళ్లు తుడిచేటప్పుడు పక్కకు తిప్పితే ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికొచ్చి నిట్టూర్పులాంటి శబ్దం రావచ్చు, దీన్ని మాత్రం తప్పకుండా ముందే చెప్పాలి, చెప్పకపోతే విద్యార్థి హడలిపోతుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ పేరుతోనే పిలుస్తాను, ఇప్పుడు చెయ్యి తుడుస్తున్నాం, ఇప్పుడు బట్ట మారుస్తున్నాం అని చెప్తూ చేస్తాను. ఎవరికోసం అని ఒకమ్మాయి అడిగింది. ఆయనకోసమే అన్నాను, మనకోసం కూడా. మార్చురీకి పంపేది బాడీ అని రాస్తాం, రికార్డుకి అది కావాలి, చేతులకి మాత్రం అది మనిషి అని తెలిసి ఉండాలి.

తర్వాత ఏం జరుగుతుంది? ఏమీ జరగదు, అదే బాధ. మంచం శుభ్రం చేస్తారు, కొత్త పేషెంట్ వస్తారు, విద్యార్థి తర్వాతి మందుల రౌండ్‌కి వెళ్లిపోతుంది. ఆయన్ని వారం రోజులుగా చూసుకున్న పిల్లకు తన దుఃఖాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు, ఎందుకంటే తను కుటుంబం కాదు, ఏడ్చే హక్కు తనకి ఉందో లేదో కూడా తెలియదు. కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో సమాజం గుర్తించని దుఃఖం గురించి రాశారు. ఎవరి దుఃఖానికి చోటు ఇవ్వరో వాళ్లలో నర్సులను కూడా లెక్కించాలని నా అభిప్రాయం. ఏడవొచ్చా అని అడుగుతారు. ఏడవొచ్చు. బంధువుల ముందు కళ్లలో నీళ్లు తిరిగినా తప్పు లేదు, చాలా కుటుంబాలు దాన్ని కృతజ్ఞతతో గుర్తుపెట్టుకుంటాయి. వాళ్లే నిన్ను ఓదార్చాల్సి వచ్చేంతగా అయితే మాత్రం బయటికి వచ్చెయ్, నేనుంటాను అని చెప్తాను.

అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక చిన్న పద్ధతి మొదలుపెట్టారు. అత్యవసర విభాగంలో ఎవరైనా చనిపోయాక, అందరూ చెల్లాచెదురు కాకముందే, ఆ గదిలో ఉన్నవాళ్లంతా కాసేపు మౌనంగా నిలబడతారు. ఈయన మన దగ్గరికి రాకముందు ఎవరికో కొడుకు, ఎవరికో స్నేహితుడు అని గుర్తుచేసి, బతికించడానికి కష్టపడ్డవాళ్లనూ తలుచుకుని, నిమిషం లోపే ముగిస్తారు. తర్వాత అది చాలా ఆసుపత్రులకు పాకింది. పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మనవాళ్లు తీరిక లేదంటారు. నిమిషం లేని వార్డు ఉండదు, నేను ఒప్పుకోను.

డిస్కషన్ కూడా అంతే. షిఫ్ట్ అయ్యాక విద్యార్థులను కూర్చోబెట్టి నేను అడిగేవి మామూలు ప్రశ్నలే. ఏం చూశావు, ఏది అర్థం కాలేదు, ఏ శబ్దం గుర్తుంది, ఇంటికి వెళ్లి ఎవరితో మాట్లాడతావు. ఎవరూ మాట్లాడకపోతే బలవంతం చెయ్యను. రెండు రోజుల తర్వాత మెట్ల దగ్గరో, లిఫ్ట్ దగ్గరో తనే వచ్చి మొదలుపెడుతుంది.

విద్యార్థుల వైఖరిని కొలవడానికి కొలమానాలు కూడా ఉన్నాయి. క్యాథరీన్ ఫ్రోమెల్ట్ అనే నర్సింగ్ అధ్యాపకురాలు 1991లో తయారుచేసిన ప్రశ్నావళిలో 30 వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ప్రపంచంలో చాలాచోట్ల నర్సింగ్ విద్యార్థుల మీద దీన్ని వాడారు, కోర్సు చెప్పాక మార్కులు పెరగడం కూడా చాలా అధ్యయనాల్లో కనిపిస్తుంది. ఉపయోగమే, కాదనను. కాగితం మీద "చనిపోతున్న వ్యక్తిని చూసుకోవడానికి సిద్ధమే" అని టిక్కు పెట్టడానికీ, రాత్రి డ్యూటీలో ఆ గదికి మూడోసారి వెళ్లడానికీ మధ్య ఉన్న దూరం మాత్రం అది కొలవలేదు.

నర్సింగ్ అంటే ఏమిటో వర్జీనియా హెండర్సన్ అనే అమెరికన్ నర్సు చెప్పిన నిర్వచనం మనమంతా చదువుకున్నదే. ఆరోగ్యంగా ఉన్నా జబ్బుపడినా మనిషికి ఆరోగ్యానికో, కోలుకోవడానికో, లేదా ప్రశాంతమైన మరణానికో తోడ్పడే పనుల్లో సాయం చెయ్యడం అని అందులో ఉంది. ప్రశాంతమైన మరణం ఆ నిర్వచనంలోనే ఉంది, చివర్లో తగిలించింది కాదు. పరీక్షలో విద్యార్థులు ఆ ముక్కను మర్చిపోతే మనం మార్కు తగ్గిస్తాం. పోస్టింగ్ వేసేటప్పుడు మనమే మర్చిపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుతో ఉన్న మనిషికి నొప్పి, బాధ తగ్గించే సేవ) అవసరం, అందులో దాదాపు 14 శాతం మందికే అది అందుతోంది. మిగతావాళ్లు మామూలు వార్డుల్లో, ఇళ్లలో, ఈ విషయంలో ఏ శిక్షణా లేని చేతుల్లో ఉన్నారు. మన విద్యార్థులు రేపు వెళ్లేది ఆ వార్డులకే.

నేను రాసిందంతా కొంత సమయం ఇచ్చే మరణాల గురించి. యాక్సిడెంట్‌లో వచ్చినవాళ్లు, ప్రసవంలో పోయినవాళ్లు, పసిపిల్లలు, ఆత్మహత్యలు, అవి వేరు. అక్కడ శరీరం గురించిన పాఠం అంతగా అక్కరకు రాదు. పసిబిడ్డ పోయిన వార్డులో మొదటి ఏడాది విద్యార్థిని ఉంచొద్దనే నేను వాదిస్తాను. తప్పనిసరై ఉంటే ఆ షిఫ్ట్ మొత్తం ఒక సీనియర్ ఆ విద్యార్థి పక్కనుంచి కదలకూడదు, ఆ సీనియర్‌కి ఆ పూట వేరే పని వెయ్యకూడదు. స్టాఫ్ తక్కువని నాకూ తెలుసు. అయినా డ్యూటీ చార్ట్ వేసే సిస్టర్లను అడుగుతూనే ఉంటాను.

ఇంకో చిన్న పని, దీనికి స్టాఫ్ అక్కర్లేదు. పోస్టింగ్ మొదలయ్యే ముందు రోజు ప్రతి విద్యార్థినీ విడిగా పిలిచి, ఈమధ్య మీ ఇంట్లో ఎవరైనా పోయారా, ఎవరైనా సీరియస్‌గా ఉన్నారా అని అడగండి. గుంపులో అడిగితే ఎవరూ చెప్పరు. విడిగా అడిగితే ఒకరిద్దరు తప్పకుండా చెప్తారు. నాన్నకి క్యాన్సర్ ఉన్న అమ్మాయిని మనకు తెలియకుండానే నాన్న వయసున్న క్యాన్సర్ పేషెంట్ దగ్గర వేసేస్తుంటాం. ఆ అమ్మాయి అక్కడే ఉంటానంటే ఉండనివ్వండి, వేరే వార్డు అడిగితే కారణం రికార్డులో రాయకుండా మార్చండి, మళ్లీ ఎప్పుడు రాగలదో తననే చెప్పమనండి.